కాటి సుంకం ఎవరిది?

పద్యనాటకం ఆడిన ప్రతి తెలుగు ఊరికీ కాటిసీను తెలుసు. రాజ్యం పోగొట్టుకొని, ఆలుబిడ్డలను అమ్ముకొని, చివరికి తానూ అమ్ముడుపోయిన హరిశ్చంద్రుడు భుజాన కంబళితో, చేత దుడ్డుకర్రతో శ్మశానంలో నిలబడతాడు. పాము కరిచి చనిపోయిన లోహితాస్యుణ్ని ఎత్తుకొని చంద్రమతి వస్తుంది. సుంకం చెల్లించనిదే చితి పేర్చడానికి వీల్లేదంటాడు ఆ కన్నతండ్రి. హార్మోనియం శ్రుతి పెరుగుతుంది, రాగం సాగుతుంది, జనంలోంచి ‘వన్స్ మోర్’ కేక లేస్తుంది. బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్యహరిశ్చంద్రీయం’ రాసింది 1912లో. నూరేళ్లు దాటినా ఆ సన్నివేశానికి కన్నీళ్లు కరువు కాలేదు. మా వడమాలపేట చుట్టుపక్కల, పుత్తూరు, నగరి వైపు పల్లెల్లో రాత్రంతా మేలుకొని నాటకం చూసే అలవాటున్న జనం మధ్య పెరిగినవాణ్ని కనుక ఆ కన్నీళ్ల విలువ నాకు తెలుసు. అవి ఎవరి కోసం కారుతున్నాయన్నది మాత్రం నేను అడగదలచుకున్న ప్రశ్న.

కథను జాగ్రత్తగా చూడండి. ఆ సుంకం హరిశ్చంద్రుడిది కాదు. అది వీరబాహుడిది. కాటిని కాచే చండాలుడిగా కథ చెప్పే వీరబాహుడు రొక్కం చెల్లించి రాజును కొన్నాడు, పని అప్పగించాడు. శవానికింత అని తనకు రావలసిన సొమ్మును వసూలు చేయమన్నాడు. ఆ అర్ధరాత్రి వీరబాహుడు అక్కడ లేడు. చూసేవాడు లేడు. కన్నకొడుకు శవం ఎదుట ఉంది. అయినా యజమానికి రావలసిన సుంకాన్ని ఎగ్గొట్టడానికి హరిశ్చంద్రుడు ఒప్పుకోడు. మనం సత్యనిష్ఠ అని దండం పెట్టే ఆ శిఖరం, లెక్క తేల్చి చూస్తే, శ్మశానంలో పనిచేసే ఒక అంటరానివాడి హక్కును ఎగ్గొట్టకపోవడం. ఇంతటి మాట అనగలిగిన కథను చేతిలో పెట్టుకొని మన రంగస్థలం, మన వెండితెర ఏం చేశాయి? రాజు కోసం ఏడ్చాయి. సుంకం ఎవరిదో ఆ పక్కకు చూడలేదు.

ఈ కథలో సత్యపరీక్షకు ముందు మరో పరీక్ష జరుగుతుంది. విశ్వామిత్రుడు పంపిన మాతంగ కన్యలు సభకు వచ్చి ఆడి పాడి రాజును మెప్పిస్తారు. బహుమానంగా తమను పెళ్లాడమంటారు. రాజు కాదంటాడు. మునికి కోపం వస్తుంది, ఆ కోపం చల్లార్చడానికి రాజ్యమే ఇచ్చేస్తాడు. అంటే హరిశ్చంద్రుడు రాజ్యం పోగొట్టుకున్నది మాట తప్పనందుకే అని మనం చెప్పుకుంటున్నా, కథలో దానికి ముందున్న మెట్టు వేరే ఉంది. కులం తప్పనందుకు పోగొట్టుకున్నాడు. సింహాసనం దిగడానికి సిద్ధపడ్డవాడు కులం దిగడానికి సిద్ధపడలేదు. కథ ఆయనను ఆ దిగువకే తెచ్చి, మాతంగుల గడపలో బంటుగా నిలబెట్టింది. సత్యపరీక్షలో నెగ్గాడన్నది నిజమే. కులపరీక్షలో ఓడిన సంగతిని మాత్రం ఏ నాటక సమాజమూ కరపత్రంలో వేయదు.

ఈ ఘట్టంలోని పదును మన పొరుగు భాష ఎనిమిది వందల ఏళ్ల కిందటే గుర్తించింది. కన్నడంలో రాఘవాంకుడు రాసిన ‘హరిశ్చంద్ర కావ్యం’లో ఆ కన్యలు తలవంచుకొని వెళ్లిపోరు, రాజుతో వాదిస్తారు. మా పాట నీ చెవులు విన్నాయి, మా రూపం నీ కళ్లు చూశాయి, మాతో నీ నోరు మాట్లాడింది, మా మేని పరిమళాన్ని నీ ముక్కు పీల్చింది. నాలుగు ఇంద్రియాలకు అంటని మైల స్పర్శకు మాత్రమే ఎలా అంటుతుందని నిలదీస్తారు. అంటరానితనం మీద ఇంత సూటి తర్కం భారతీయ కావ్యాలలో అరుదు. రాజు దగ్గర దానికి జవాబు లేదు. తెలుగులో గౌరన ద్విపదగా పాడిన నాటి నుంచి బలిజేపల్లి నాటకం దాకా మనకూ హరిశ్చంద్రుడు కావలసినంత ఉన్నాడు. నేను చూసిన ప్రదర్శనలలో మాత్రం మాతంగ కన్యల ఘట్టం ఒక నాట్యంగా మొదలై నాట్యంగానే ముగిసిపోయింది. జనం నిద్ర తూగకుండా పెట్టిన వినోదంగా మిగిలిపోయింది.

ఇక వీరబాహుడి సంగతి. నేను చూసిన చాలా ప్రదర్శనలలో అతను తూలుతూ వస్తాడు, వంకరగా మాట్లాడతాడు, పిల్లలు నవ్వుతారు. యజమానిగా అతను చేసిన అన్యాయమేమీ కథలో కనిపించదు. బేరమాడి కొన్నాడు, ఒప్పుకున్న సొమ్ము ఇచ్చాడు, పని చెప్పాడు. విశ్వామిత్రుడు చేసిన దానిలో వందోవంతు హింస కూడా అతను చేయలేదు. అయినా విశ్వామిత్రుడికి గంభీరమైన పద్యాలు, వీరబాహుడికి కల్లుకుండ.

అసలు కథ ముగింపులోనే అతనికి అంతకంటె పెద్ద అన్యాయం జరిగింది. మార్కండేయ పురాణంలో దేవతలు హరిశ్చంద్రుణ్ని స్వర్గానికి పిలిచినప్పుడు ఆయన ఒక గొప్ప మాట అంటాడు. నా యజమాని అయిన చండాలుడి అనుమతి లేకుండా రాలేనంటాడు. ఆ మాట దగ్గర కథ ఆగివుంటే, స్వర్గం తలుపు తాళంచెవి ఒక చండాలుడి చేతికి వచ్చేది. పురాణం ఆ అవకాశం ఇవ్వలేదు. చండాలుడి వేషంలో ఉన్నది నేనేనని ధర్ముడు ముందుకు వస్తాడు. రాజును కొన్న మనిషి అసలు మనిషే కాదు, దేవుడట. న్యాయంగా బేరమాడిన అంటరానివాడు ఒకడు ఉండగలడన్న ఊహను కథ చివరి నిమిషంలో చెరిపేసుకుంది. హరిశ్చంద్రుడు అంటరానివాడికి బంటుగా ఉన్నాడన్న అపప్రథ కూడా దానితోనే తుడిచిపెట్టుకుపోయింది.

ఇంత పకడ్బందీగా మూసిన కోటకు తెలుగు రంగస్థలం తనకు తెలియకుండానే ఒక గండి కొట్టింది. ఆ గండి పేరు గుర్రం జాషువా. 1895లో వినుకొండలో పుట్టి, కులం పేరిట సభల్లోనే అవమానాలు దిగమింగిన ఆ మహాకవి రాసిన శ్మశానవాటి పద్యాలను మన నటులు తెచ్చి కాటిసీనులో కలిపారు. బలిజేపల్లి నాటకంలో అవి లేవు. జాషువా ఆ నాటకం కోసం వాటిని రాయలేదు. అయినా ఊరూరా హరిశ్చంద్ర పాత్రధారులు వాటిని పాడారు, జనం మళ్లీ మళ్లీ పాడించుకున్నారు. కవులూ రాజులూ పసికందులూ ఒకే మట్టిలో కలిసే చోట అంటరానితనానికి తావు లేదని చెప్పే పద్యాలవి. పురాణకర్త వీరబాహుడి నోరు నొక్కితే, వినుకొండ కవి హరిశ్చంద్రుడి గొంతులోంచి మాట్లాడాడు. ఇది రంగస్థలానికి మాత్రమే సాధ్యమైన పని. నాటకం రాత్రిరాత్రికీ మారుతుంది. నటుడు ఎదుట కూర్చున్న జనాన్ని చూసి ఒక పద్యం చేర్చగలడు, ఒకటి వదిలేయగలడు.

అయితే ఈ గండిని చూసి మురిసిపోనక్కర లేదు. జాషువా పద్యానికి ‘వన్స్ మోర్’ అన్న ఊళ్లు జాషువా కులానికి ఊరి నడుమ చోటివ్వలేదు. పద్యం విన్న చాలామందికి అది బలిజేపల్లిదనే భ్రమ. మైకులో చదివింపులు చదివినప్పుడు పది రూపాయలిచ్చిన దాత పేరు మూడుసార్లు వినిపిస్తుంది, పద్యం రాసిన కవి పేరు ఒక్కసారీ వినిపించదు. పైగా ఆ పద్యాలలోని ఆశ కూడా మన పల్లెల్లో అబద్ధమైంది. చావు అందరినీ సమానం చేస్తుందేమో గాని శ్మశానం చేయదు. నేనెరిగిన పల్లెల్లో ఊరి శ్మశానం వేరు, దళితవాడ శ్మశానం వేరు. ఒకదానికి దారి ఉంటుంది, రెండోదానికి చేని గట్టు ఉంటుంది.

తెలుగు తెర ఈ కథను కనీసం మూడుసార్లు పెద్ద ఎత్తున చేపట్టింది. 1935లో అద్దంకి శ్రీరామమూర్తి, కన్నాంబ, 1956లో ఎస్.వి. రంగారావు, లక్ష్మీరాజ్యం, 1965లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో ఎన్.టి. రామారావు, ఎస్. వరలక్ష్మి. దేశమంతటికీ కూడా మొదటి పూర్తి నిడివి కథాచిత్రం 1913లో ఫాల్కే తీసిన ‘రాజా హరిశ్చంద్ర’యే. భారతీయ సినిమా పుట్టుకే కాటి ఒడ్డున జరిగింది. కాని తెర మీద కాటిసీను స్వభావం మారిపోయింది. నాటకంలో హరిశ్చంద్రుడు మన ఊరి నటుడు. పగలు దుకాణంలోనో బడిలోనో పనిచేసి రాత్రి కంబళి కప్పుకున్నవాడు. తెర మీద ఆయన తార. రాముడిగా, కృష్ణుడిగా మొక్కించుకున్న ముఖం కాటికాపరి గుడ్డల్లో కనిపించినప్పుడు ప్రేక్షకుడి గుండె కలుక్కుమన్నది ఎందుకు? ఎంతటివాడికి ఎంత గతి పట్టిందని. ఆ ‘గతి’ మరొకరికి పుట్టుకతో వచ్చిన రోజువారీ బతుకన్న సంగతి ఆ కలుక్కుమనడంలో మునిగిపోయింది. హాల్లో నేల టికెట్టు కొని కూర్చున్న కాటికాపరి కొడుకు తన తండ్రి పనిని పతనానికి అట్టడుగు మెట్టుగా చూసి ఇంటికి పోవలసి వచ్చింది.

అదే 1965లో కన్నడంలో జరిగినది మనకు కనువిప్పు కావాలి. కె.వి. రెడ్డి నిర్మాతగా, హుణసూరు కృష్ణమూర్తి దర్శకత్వంలో రాజ్‌కుమార్ నటించిన ‘సత్య హరిశ్చంద్ర’ వచ్చింది. సంగీతం రెండు భాషల్లోనూ పెండ్యాలదే. తెలుగు చిత్రం ఆడలేదు, కన్నడ చిత్రం కలకాలం నిలిచింది. 2008లో రంగులద్ది మళ్లీ విడుదల చేసేటంతగా నిలిచింది. ఆ చిత్రంలో ఎం.పి. శంకర్ పోషించిన వీరబాహుడికి ఒక పాట ఉంది. కులాలలో తక్కువ ఏది, మతాలలో ఎక్కువ ఏది అని ఎదుటివాణ్ని వెర్రివాడిగా జమకట్టి నవ్వుతూ నిలదీసే పాట. కన్నడ నేల మీద ఈనాటికీ వేదికలెక్కుతున్న ఆ పాట పాడింది ఎవరో కాదు, మన ఘంటసాల. ఆ గొంతు మనకు తెలుసు. ఆ గొంతు కాటిలో నిలబడి కులాన్ని అడిగిన ప్రశ్న మనలో ఎక్కువమందికి తెలియదు. రాఘవాంకుడి కన్యల తర్కం ఏడు శతాబ్దాలు దాటి వచ్చి వీరబాహుడి నోట పాటయింది. తెర మీద కూడా అది సాధ్యమేనని, దానికి కావలసింది పాత్రకు నోరివ్వాలన్న బుద్ధి ఒక్కటేనని ఆ చిత్రం రుజువు చేసింది.

ప్రసిద్ధ కృతి తెరకూ రంగస్థలానికీ ఎక్కినప్పుడు ఎవరికి నోరు దక్కుతుందన్న తగాదా మన ఒక్కరిదే కాదు. అమెరికాలో హార్పర్ లీ 1960లో రాసిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ నవలనే తీసుకోండి. చేయని నేరానికి బోనెక్కిన నల్లజాతి మనిషి టామ్ రాబిన్సన్, అతని తరఫున వాదించే తెల్ల వకీలు అటికస్ ఫించ్. 1962లో సినిమా వచ్చింది. గ్రెగరీ పెక్ వకీలు పాత్రకు ఆస్కార్ అందుకున్నాడు. అప్పటి నుంచి ఆ కథ అంటే ఆ మంచి తెల్లవాడి ముఖమే. 2018లో ఆరన్ సోర్కిన్ దానిని బ్రాడ్వే నాటకంగా మార్చినప్పుడు వంటమనిషి కాల్పూర్నియాకు, టామ్ రాబిన్సన్‌కు ఎక్కువ మాటలిచ్చాడు. యజమాని మంచితనాన్ని ఆ వంటమనిషే ప్రశ్నిస్తుంది. మూలానికి ద్రోహమని రచయిత్రి వారసత్వ ప్రతినిధులు కోర్టుకెక్కారు, తర్వాత రాజీ పడ్డారు, నాటకం ఆడింది. తెర ఒక ముఖాన్ని రాతిలో చెక్కితే, అరవై ఏళ్లకు రంగస్థలం దానిని కదిలించింది. నవల చావలేదు, ఇంకా ఎక్కువమందిదయింది.

‘ఇది సత్యం కథ, ఇందులోకి కులాన్ని ఎందుకు లాగుతారు’ అని పెద్దలు అడుగుతారు. చిన్నతనంలో రాజకోటలో హరిశ్చంద్ర నాటకం చూసి, అందరూ హరిశ్చంద్రుడిలా ఎందుకు ఉండకూడదని తపించినట్లు గాంధీజీ తన ఆత్మకథలో రాసుకున్నారు. ఆ తపనను నేను తక్కువ చేయను. కాని ఆ నాటకంలో అందరూ హరిశ్చంద్రులు కాలేరు. ఒకడు వీరబాహుడిగా పుడతాడు. వాడు అబద్ధమాడినా నిజమాడినా కాటిలోనే ఉంటాడు, వాడికోసం ఏ దేవతా పూలు చల్లదు. కులాన్ని మేము కథలోకి లాగడం లేదు. రాజు పతనాన్ని కొలవడానికి కథే కులాన్ని కొలబద్దగా పెట్టుకుంది. ఆ కొలబద్దను తీసేసి చూడండి, కాటిసీనులో భయంకరం ఏముంది? బిడ్డ చావు మిగులుతుంది. దుఃఖానికి అది చాలదా? చాలలేదు కనుకనే చండాలుడి కొలువును జోడించారు. ఈనాటికీ మనకు నచ్చని అన్నాన్ని, నచ్చని రోడ్డును, నచ్చని సినిమాను ‘చండాలం’ అని తిట్టుకుంటున్నామంటే ఆ కొలబద్ద నాటకశాల దాటి మన నాలుక మీదికి వచ్చి కూర్చుందన్నమాట.

కాటి మనుషులు మాత్రం ఈ కథను తమకు కావలసినట్లు చదువుకున్నారు. కాశీలో హరిశ్చంద్ర ఘాట్ దగ్గర కాష్ఠాలు పేర్చే డోములు, హరిశ్చంద్రుణ్ని కొన్న కల్లూ డోము తమ పూర్వీకుడని చెప్పుకుంటారు. వారి చరిత్రలో కొన్నది దేవుడు కాదు, తమ తాత. మా వడమాలపేట నుంచి నగరి దాటితే వచ్చే తమిళ సీమలో శ్మశానం ముంగిట హరిశ్చంద్రుడి రాయి ఉండే ఆచారం ఉంది. శవయాత్ర అక్కడ ఆగాలి. వెట్టియాన్ ఆ కథ పాడి, తన కట్నం తాను అడిగి పుచ్చుకున్నాక శవం లోపలికి కదులుతుంది. రాజు అంతటివాడే చెల్లించాలన్న సుంకమిది, మీరెంత అన్నది ఆ పాట సారం. చదువుకున్నవారు సత్యం గురించి విన్న చోట, పనిచేసినవారు కూలి గురించి విన్నారు. నా దృష్టిలో వారే కథను సరిగ్గా విన్నారు.

మన పల్లెల్లో ఆ సుంకం గతి ఏమైంది? చావు కబురు మోసేది ఎవరు, గుంట తవ్వేది ఎవరు, పాడె ముందు పలక కొట్టేది ఎవరు అన్నది ఈనాటికీ కులాన్ని బట్టే ఊరందరికీ తెలుసు. వారికి దక్కేది ఎంత అన్నది మాత్రం చనిపోయిన ఇంటివారి ఉదారతను బట్టి ఉంటుంది. బేరమాడితే ‘శవం దగ్గర బేరమా’ అని గద్దింపు. వెట్టిని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించింది, 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. 1984లో, తెర మీద హరిశ్చంద్రుడిగా కాటిని కాచిన రామారావే ముఖ్యమంత్రిగా కరణం, మునసబుల వంశపారంపర్య పదవులను ఒక్క వేటుతో రద్దు చేశారు. పైకులాల చేతిలోని వంశపారంపర్యం ఒక్క ఉత్తర్వుతో పోయింది. గుంట తవ్వే వంశపారంపర్యాన్ని రద్దు చేసే ఉత్తర్వు ఏదీ రాలేదు. రాదు కూడా, ఎందుకంటే అది ఏ కాగితం మీదా లేదు. మనం కన్నీళ్లు పెట్టుకొని చూసే నాటకంలో ఉంది.

కనుక నాటకం ఆపేయమని నేను అనను. నిషేధాల మీద నాకు నమ్మకం లేదు. ఆడండి, ఇంకా ఎక్కువగా ఆడండి. కాని కరపత్రం మీద బలిజేపల్లి పేరు పక్కన జాషువా పేరు అచ్చువేయండి. 1915 ప్రాంతంలో రాజమండ్రిలో మూకీ చిత్రాలకు తెర పక్కన నిలబడి కథ చదివి పొట్టపోసుకున్న కవి ఆయన. నోరు లేని బొమ్మలకు నోరిచ్చిన మనిషి పేరు చెప్పడానికి మనకు నోరు రాకపోవడం సిగ్గుచేటు. మాతంగ కన్యలను ఆడించి పంపకండి, వాదించనివ్వండి. వీరబాహుడి చేతిలోని కల్లుకుండ దించి ఒక పద్యం ఇవ్వండి. చివర అతణ్ని దేవుడిగా మార్చకండి, మనిషిగా ఉండనివ్వండి. విశ్వవిద్యాలయాల్లో పద్యనాటకం నేర్చుకునే పిల్లలు ఈ పనికి పూనుకోవాలి. పద్యం రాయగల దళిత విద్యార్థులు మన దగ్గర లేరా? ఒకనాడు పేరులేని నటులు చేసిన సాహసాన్ని చదువుకున్నవాళ్లు పేరు పెట్టి మరీ చేయవచ్చు.

పరీక్ష ముగిసింది, రాజ్యం తిరిగి ఇచ్చేశామని నాటకం చివర దేవతలు ప్రకటిస్తారు. లోహితాస్యుడు లేచి కూర్చుంటాడు. ఎవరి లెక్కలు వారికి సరిపోతాయి. ఆ రాత్రి కోసం చంద్రమతి ఎంతో వెతికిన సుంకం మాత్రం వీరబాహుడికి అందినట్లు ఏ ప్రతిలోనూ నేను చదవలేదు.